దేముడి దెయ్యాల బీరువా

అనకాపల్లిలో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. అందులో ఉన్న దెయ్యాలన్నిటికీ దేముడే దిక్కు. దేముడంటే గుళ్ళో ఉండేవాడు కాదు, అటెండరు దేముడు. నలభై ఆరేళ్ళవాడు. పదో తరగతిలోనే చదువుకి దండం పెట్టేశాడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "లెక్కల పేపరు నన్ను సూసి వణికిపోయింది బావా, జాలేసి వచ్చీసేను" అంటాడు.

పొద్దున్న ఎనిమిదికి తలుపులు తియ్యడం, పేపర్లు పరచడం, పదకొండుకి మూసి మళ్ళీ సాయంత్రం నాలుగుకి తెరవడం, ఇదీ అతని ఉద్యోగం. జీతం దానికే. కానీ అతని ప్రాణమంతా కిటికీ పక్కనున్న ఇనప బీరువాలో ఉంటుంది. అందులో నూట పన్నెండు దెయ్యాల నవలలు. సగం అచ్చయిన పుస్తకాలు. మిగతా సగం దేముడు సొంతంగా తయారుచేసినవి. ఎప్పుడో మూతపడ్డ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు కోసి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురు పూసి, పైన పాత క్యాలెండరు అట్ట వేస్తాడు. ఊళ్ళో బెల్లం వర్తకులు పంచే క్యాలెండర్లు గనక ఆ అట్టల మీద లక్ష్మీదేవో, నూకాలమ్మో, సింహాద్రి అప్పన్నో ఉంటారు. లోపల పిశాచం, పైన దేవుడు.

"కాపలా ఉండాల కదా మరి. లేకపోతే రాత్రుళ్ళు బీరువాలోంచి దిగి పేపర్లు సదువుతాయి" అంటాడు.

ఒక్కో వారం ముక్క చివర "తరువాయి వచ్చేవారం" అని ఉంటుంది కదా, దాని మీద తెల్లకాగితం చీటీ అతికిస్తాడు. చదివేవాడి మనసు వచ్చేవారం దాకా ఆగకూడదని. ఈ పని తనలా చేసేవాడు విశాఖపట్నం నుంచి విజయవాడ దాకా లేడని అతని నమ్మకం. ఇంకొకడు లేనిమాట నిజమే కావచ్చు.

నవలలకి అతను రకాలు కూడా కట్టాడు. బెల్లానికి కట్టినట్టే. తెల్ల దిమ్మ అంటే పిల్లలు చదివినా పక్క తడపనిది. ఎర్ర దిమ్మ అంటే చదివాక పెరట్లోకి ఒక్కరూ వెళ్ళలేనిది. నల్ల దిమ్మ అంటే పగటిపూట, పదిమందిలో, తాయెత్తు కట్టుకుని చదవాల్సింది. ఒక నల్ల దిమ్మ చదివిన మాస్టారికి బట్టతల మీద వెంట్రుకలు మొలిచాయనీ, మొలిచినవి మొలిచినట్టే నిక్కబొడుచుకున్నాయనీ చెబుతాడు. గొలుగొండ ఆసామీ ఒకడు బస్సులో ఆ పుస్తకమే చదువుతూ దిగడం మరిచిపోయి, నర్సీపట్నం మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాడట. కండక్టరు టిక్కెట్టు అడగడానికి భయపడ్డాడట.

వేసవి వస్తే ఈ కథలకి గిరాకీ. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా గ్రంథాలయంలో పిల్లలకి శిబిరం నడుస్తుంది. పొద్దున్న బొమ్మలు వెయ్యడం, పద్యాలు, కథలు చెప్పడం. కథలు చెప్పాల్సిన మాస్టారు మొదటి రెండ్రోజులు వచ్చి ఎండదెబ్బ అని మానేశారు. గ్రంథపాలకుడు భీమశంకరరావు గారు బెల్లం వర్తకుల ఇంటి మనిషి, మాట ఖర్చుపెట్టడం ఇష్టంలేనివాడు. "నువ్వు చెప్పు దేముడూ" అన్నారు. ఇంకేముంది, నలభై మంది పిల్లలు బల్లల మీద కాళ్ళు ముడుచుకు కూర్చున్నారు.

ఆ పిల్లల్లో బిందుమాధవి అని పదేళ్ళ పిల్ల. కశింకోట నుంచి షేర్ ఆటోలో వాళ్ళ నాయనమ్మ తీసుకొచ్చేది. ఆ నాయనమ్మ పేరు కాసులమ్మ. పిల్లని శిబిరంలో దింపి, పదకొండు దాకా పంకా కింద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాలుగో రోజున లేచి దేముడి దగ్గరికి వచ్చింది.

"నాయినా, ఆత్మ గురించి రాసిన పొస్తకం ఏటైనా ఉందా?"

దేముడు ఆవిణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు. అరవై దాటిన మనిషి. ముక్కుకి అడ్డబాస లేదు, నుదుట బొట్టు లేదు, కళ్ళజోడుకి ఒకవైపు దారం.

"నీకు సదువొచ్చా పెద్దమ్మా?"

"ఎనకటికి మా ఊర్లో రాత్రిబడి పెట్టినప్పుడు నేర్సుకున్నాను. కూడబలుక్కుని సదువుతాను."

"ఏ రకం కావాల? తెల్ల దిమ్మా, ఎర్ర దిమ్మా?"

"బెల్లం కాదు నాయినా. ఆత్మ."

"అదే. ఎంత గట్టిది కావాల?"

కాసులమ్మ కాస్త ఆలోచించింది. "గట్టిదే ఇవ్వు. పోయినోళ్ళ ఆత్మ ఇంటికొచ్చి మాటాడీది ఉండాల."

దేముడి పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి పాఠకురాలు తగల్లేదు. కుర్రకారు ఎర్ర దిమ్మ తీసుకుని సగంలో తెచ్చి ఇచ్చేస్తుంటే, ఈ ముసలావిడ తిన్నగా నల్ల దిమ్మే అడుగుతోంది. ఆనందం పట్టలేక బీరువా అడుగు అర లోంచి తన చేతిపనిలో తలమానికాన్ని తీశాడు. పేరు 'ఆత్మ అడుగులు'. ఇరవై ఎనిమిది వారాల సీరియల్. నూతిలో పడి చనిపోయిన మొగుణ్ణి, సుభద్ర అనే భార్య దీపం పెట్టి రోజూ పిలుస్తుంది. అతను కొంచెం కొంచెంగా వస్తుంటాడు. ముందు చుట్ట వాసన, తర్వాత దగ్గు, తర్వాత నీడ. అట్ట మీద సింహాద్రి అప్పన్న నిజరూపం, కింద బెల్లం కొట్టువారి ఫోన్ నంబరు.

కాసులమ్మ అట్ట చూసింది. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. దేముడు నవ్వు ఆపుకోవడానికి బీరువాలో తల పెట్టాడు.

మర్నాడు ఆవిడ తలంటి పోసుకుని వచ్చింది. పుస్తకం పసుపు గుడ్డలో చుట్టి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, తూర్పు వైపు తిరిగి కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం పెదాలతో పలుకుతూ చదివింది. సరిగ్గా ఒక వారం ముక్క. ఆ పైన ఒక్క గీత కూడా ముందుకి పోలేదు. పుస్తకం మూసి, దండం పెట్టి, గుడ్డలో చుట్టేసింది.

పారాయణ అన్నమాట.

ఎదురుగా టీ కొట్టు త్రినాధరావుది. ఈ సంగతి అక్కడికి మోసుకుపోవడానికి దేముడికి అర నిమిషం పట్టింది.

"దెయ్యానికి పసుపు గుడ్డేటి బావా" అన్నాడు త్రినాధరావు.

"అప్పన్న బొమ్మ ఉంది కదా. భాగవతం అనుకుంటన్నాది."

"మరి సెప్పీలేకపోయేవా?"

"సెప్తే ఏటుంది మజా? ఇరవై ఎనిమిదో రోజుకి కొబ్బరికాయ కొడతాది సూడు. అప్పుడు సెప్తాను."

వారం రోజులు ఆ కొట్టు దగ్గర అదే కాలక్షేపం. రోజురోజుకీ కథ పెరిగింది. ఆవిడ చదువుతుంటే బీరువా దానంతట అది తలుపు తీసి వింటోందన్నాడు. పంకా ఒక రెక్క ఆపుకుని నిలబడిందన్నాడు.

తొమ్మిదో రోజున కాసులమ్మ అరటాకు ముక్కలో అటుకులు, బెల్లం తెచ్చి దేముడి చేతిలో పెట్టింది.

"పెసాదం నాయినా. నువ్విచ్చిన పొస్తకం మంచిది. సెప్పింది సెప్పినట్టు ఉంది."

"ఏటుంది పెద్దమ్మా అందులో?" అన్నాడు దేముడు, టీ కొట్టుకి సరుకు దొరికిందని.

"మా ఆయన సంగతే ఉంది."

ఆవిడ బల్ల చివర కూర్చుంది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. మొగుడు ఎర్రయ్య. చెరుకు నరకడానికి పోయేవాడు. సంక్రాంతి దాటిన నెలలో, ఒక గురువారం, ఆవిడ మాటలో లచ్చివారం, మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళు, వంకాయ వండింది. తొందరలో చేపలు సరిగ్గా కడగలేదు. ఉప్పు కషాయం. ఎర్రయ్య మొదటి ముద్ద దగ్గరే కంచం తోసేశాడు. ఈవిడ ఊరుకోలేదు. నలభై ఏళ్ళు తిన్నావు, ఇప్పుడు నాలిక మొలిచిందా అంది. "ఈ ఇంట్లో ఇంక ముద్ద ముట్టను" అని ఆయన బయటికి పోయాడు. రోడ్డు దాకా వెళ్ళాడు. కంపెనీ బస్సు ఆగే చోట అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు.

"పదో రోజున ముద్ద పెట్టేం. కాకి ముట్టలేదు నాయినా. మేక మాంసం పెట్టేం, కల్లు పెట్టేం. గోడ మీద కూకుని సూసింది. ముట్టలేదు. సాయంత్రం దాకా మొక్కినాం. ఆకరికి ఏట్లో కలిపీసేరు." కాసులమ్మ పసుపు గుడ్డ సర్దింది. "అన్నమాట మీద నిలబడ్డాడు. ఒక్కపాలి వచ్చి ఒక్క ముద్ద తినీసి పోతే సాలు. నాకింకేటీ అక్కర్లేదు."

దేముడి చేతిలో అటుకులు అలాగే ఉన్నాయి.  వాటిని ఆకుతో సహా బల్ల మీద పెట్టాడు.

"ఆ పుస్తకం ఇటివ్వు పెద్దమ్మా. ఇంకోటి ఇత్తాను. అసలైన భాగవతం" అన్నాడు.

"అదేటి నాయినా, సగంలో ఆపీకూడదు కదా."

సగంలో ఆపకూడదు. ఆ సంగతి అతనికీ తెలుసు. దెయ్యాల నవలల సంగతి అంతకన్నా బాగా తెలుసు. నూట పన్నెండు నవలల్లోనూ, తిరిగి వచ్చినవాడు వెళ్ళినవాడు కాడు. గడప దాటి వచ్చేది వేరేది. పైగా ఈ పుస్తకానికి చివరే లేదు. ఇరవై ఎనిమిది వారాలూ దొరికాయి గానీ ఆ పైన ఉన్న ముక్కలు ఎంత వెతికినా దొరకలేదు. ఎప్పటికైనా దొరుకుతాయని చివరి పేజీలో "తరువాయి వచ్చేవారం" మీద మాత్రం చీటీ అతికించలేదు. అతికిస్తే కథ అక్కడితో అయిపోయిందని చదివేవాళ్ళు మోసపోతారని. తన జన్మలో నిజాయితీగా చేసిన పని బహుశా అదొక్కటే.

భీమశంకరరావు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా విన్నారు. రిజిస్టరు తెరిచారు.

"ఈ పుస్తకం ఇందులో ఉందా దేముడూ?"

"లేదండి. నేను కుట్టిందండి."

"లేని పుస్తకం గురించి నేనేం మాట్లాడను?" అని రిజిస్టరు మూశారు. తర్వాత మెత్తగానే అన్నారు. "వెళ్ళి నిజం చెప్పెయ్. నిజం చెప్పడానికి నీకు ఆర్డరు కావాలా ఏంటి?"

చెప్పాడు. పన్నెండో రోజున ధైర్యం చేసుకుని, పిల్లలంతా బొమ్మలు వేస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు. అది దేవుడి పుస్తకం కాదని, వారపత్రికలో డబ్బులకి రాసిన దెయ్యాల కథని, అట్ట తనే అతికించానని, తన నోటి దూలకి ఇచ్చానని.

కాసులమ్మ శ్రద్ధగా వింది. చివర్లో నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు.

"నువ్వు భలే మాయలోడివి నాయినా. బట్టతల మాస్టారి కథ పిల్లలకి సెప్పినట్టే నాకూ సెప్తన్నావు. మా మనవరాలు ముందే సెప్పింది. దేముడు మామయ్య ఒక్క నిజం కూడా సెప్పడు నాయనమ్మా అని."

"ఇది నిజం పెద్దమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"నీకు పిల్లలెక్కడ? పెళ్ళే సేసుకోలేదంట కదా."

మొన్నే శిబిరంలో చెప్పాడు మరి. పెళ్ళిచూపులకి వెళితే పెళ్ళికూతురు తన అందానికి కళ్ళు తిరిగి పడిపోయిందని, అప్పటి నుంచి ఊరి క్షేమం కోసం బ్రహ్మచారిగా ఉండిపోయానని. ఇద్దరు పిల్లల తండ్రి. ఇప్పుడు ఆ సంగతి ఎవరికి చెప్పినా ఏం లాభం?

రోజులు ఒక్కో వారం చొప్పున జరిగిపోయాయి. రోహిణి ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడింది. పిల్లలు కథ చెప్పమంటే దేముడు పద్యం అప్పజెప్పించాడు. టీ కొట్టు దగ్గర త్రినాధరావు, "కొబ్బరికాయ ఎప్పుడు బావా?" అని అడిగితే టీ సగంలో వదిలేసి వచ్చేశాడు.

ఇరవై ఎనిమిదో రోజు కాసులమ్మ చివరి ముక్క పైకే చదివింది. పారాయణ పూర్తయ్యే రోజున ఇంకొకరు వినాలంటూ దేముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టింది. బిందుమాధవి కూడా వచ్చి నాయనమ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది.

"గే-టు ద-గ్గర అడు-గుల సప్పుడు... సుభద్ర లే-సి-నాది. గడియ మీద సెయ్యి ఏసి-నాది." వేలు కిందికి జరిగింది. "త-రు-వా-యి వచ్చే వారం."

వేలు అక్కడే ఆగింది. ఆవిడ ఇంకోసారి చదివింది. మూడోసారి చదవకుండానే అంది.

"తరువాయి అంటే తరవాతే కదా నాయినా?"

"అది కాదు పెద్దమ్మా, పత్రికలో..."

"తరవాత, వచ్చే వారం." కాసులమ్మ కళ్ళజోడు తీసింది. "రాసీసి ఉంది. అడుగులు ఇన్నాం కదా. ఇంక వచ్చేవారం వత్తాడు. లచ్చివారం పోయినోడు లచ్చివారమే వత్తాడు."

అంతకుముందు ఇరవై ఏడు రోజుల్లోనూ అలాంటి మాట ఆవిడకి ఎక్కడా కనపడలేదు. మిగిలిన ఇరవై ఏడు చోట్లా దేముడు తెల్లచీటీ అతికించాడు కదా. వాటిలో ఒక్కచోట అతికించకుండా వదిలేసినా, అది పత్రిక వాళ్ళ మాటేనని ఆవిడకి తెలిసిపోయేది.

ఆ సాయంత్రం దేముడు తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఇరవై తొమ్మిదో ముక్క తనే రాస్తాడు. సుభద్ర తలుపు తీస్తుంది. మొగుడు గుమ్మం బయటే నిలబడి, నా కోపం ఎప్పుడో పోయింది, నేను సుఖంగా ఉన్నాను, ఇంక దీపం పెట్టకు అంటాడు. అంతే. డీటీపీ షాపులో పాత అక్షరాల్లా కొట్టించి కుట్టేస్తాడు. వెయ్యి కథలు నోటితో పుట్టించినవాడికి ఇదెంత పని?

"సుభద్ర తలుపు తీసింది" అని రాశాడు. ఆ తర్వాత గుమ్మంలో ఎర్రయ్య కనిపించాడు. ఎప్పుడూ చూడని మనిషి. తన చేత ఏం మాట్లాడిస్తావో చూస్తానన్నట్టు నిలబడ్డాడు. దేముడు ఏడు కాగితాలు చించాడు. ఎనిమిదో దాని మీద కూడా సుభద్ర తలుపే తీసింది.

లచ్చివారం వచ్చింది. శిబిరం అప్పటికి అయిపోయింది. పిల్లలకి సర్టిఫికెట్లు, మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చి పంపేశారు. దేముడు పదకొండుకి తాళం వేసి కశింకోట ఆటో ఎక్కాడు. వెళ్ళి ఏం చెయ్యాలో తెలియదు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్కతీ కూర్చుని ఉంటుందన్న సంగతి మాత్రం భరించలేకపోయాడు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రేకు గేటు. లోపల కంకర పరిచిన జాగా, మూడు మెట్లు, మూసిన తలుపు. గేటు తోస్తే కిర్రుమంది. కంకర మీద చెప్పులు కరకరలాడాయి. నాలుగడుగులు వేశాక గానీ అతనికి అర్థం కాలేదు. ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు, పరుగులాంటి నడక, గడియ తీసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. కాసులమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆ ముఖంలో ఆ క్షణాన ఉన్నదాన్ని దేముడు ఏ నల్ల దిమ్మలోనూ చదవలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. చూస్తుండగానే అది వెళ్ళిపోయింది.

"నువ్వా నాయినా" అంది.

వెనక నేల మీద పీట, కంచం, మంచినీళ్ళ చెంబు ఉన్నాయి. ఎండు నెత్తళ్ళు, వంకాయ వాసన.

"ఎండన పడి వచ్చేవు. కూకో. తిను."

"వద్దు పెద్దమ్మా, అది..."

"అన్నం దగ్గర వద్దనకూడదు. కూకో."

వేరే కంచంలో పెట్టింది. ఆ పీట మీద కాకుండా పక్కన కూర్చోబెట్టింది. దేముడు తిన్నాడు. చేపలు ఎన్నిసార్లు కడిగిందో, కూరలో ఉప్పన్నదే లేదు.

"ఉప్పు సరిపోనాదా నాయినా?"

"సరిపోనాది."

ఇంతకాలంలో అబద్ధమాడడానికి అతనికి ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు. అయినా ఇంకొక్కటి మిగిలి ఉంది, దాన్నీ బయటికి తెచ్చాడు. "ఆయన తిన్నట్టే అనుకో పెద్దమ్మా. నా నోటితో ఆయనే తిన్నాడనుకో."

కాసులమ్మ అతని వైపు జాలిగా చూసింది. పిచ్చిమాటలాడే పిల్లాణ్ణి చూసినట్టు.

"నువ్వు తింటే ఆయన తిన్నట్టు ఎలాగవుద్ది నాయినా?"

పీట ముందు ఖాళీ కంచం అలాగే ఉంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చి కంచం అంచు దాకా పాకింది. ఆవిడ లేచి గూట్లోంచి పసుపు గుడ్డ తీసింది.

"ఈ వారం కాదనుకుంటాను. పొద్దున్న మళ్ళీ సదివేను. వచ్చేవారం అనే ఉంది." పుస్తకం విప్పి చివరి పేజీ చూపించింది. ఉంది. ఎప్పుడు చూసినా అదే ఉంటుంది. "గడువు దాటిపోనాది కదా, మళ్ళీ తేదీ ఏసి ఇవ్వు. నీ పొస్తకం ఉంచుకున్నానని మీ దొర కోప్పడకూడదు."

ముద్ర తెచ్చుకోలేదు. జేబులోంచి పెన్ను తీసి వెనక చీటీ మీద తేదీ వేశాడు. పధ్నాలుగు రోజులు. అంతకు మించి ఎవరికీ ఇవ్వరు. ఆవిడ వేళ్ళ మీద లెక్క కట్టింది.

"రెండు లచ్చివారాలు" అంది. సరిపోతుందన్నట్టు తలూపి పుస్తకం మళ్ళీ చుట్టేసింది.

దేముడు చెయ్యి కడుక్కుని మెట్లు దిగాడు. కింద చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వెనక నుంచి పిలిచింది.

"నాయినా. ఈపాలి వచ్చినప్పుడు గేటు కాడే ఒక కేకెయ్యి. ఉట్టి అడుగుల సప్పుడైతే నేను..."



దేముడు తలూపాడు. కాళ్ళకున్న చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు. జూన్ మధ్యాహ్నం కంకర పెనంలా కాలుతోంది. గేటు దాటి, సందు దాటి, రోడ్డు మీద ఆటో కనిపించేదాకా వాటిని తొడుక్కోలేదు.